వేట ఆగినా గట్టెక్కని ఎలుగు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కల కాలమూ ఎలుగుబంట్ల కాలమూ ఒకటే. ఎండలు ముదిరేసరికి జీడిమామిడి పళ్ళు రాలడం మొదలవుతుంది, ఆ వెనకే పనస పండుతుంది. పిక్కలు ఏరుకోవడానికి జనం తెల్లవారుజామునే తోటల్లోకి పోతారు. రాత్రంతా అవే చెట్ల కింద పళ్ళు తిన్న ఎలుగు అప్పటికింకా పొద గుబురు చేరి ఉండదు. ఒకరినొకరు చూసుకునేసరికి మధ్యన పది అడుగుల దూరం మిగులుతుంది.

2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కంలో ఎలుగు దాడి చేసి భార్యాభర్తలిద్దరినీ చంపింది, మరికొందరిని గాయపరిచింది. ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని వెంటపడి దాన్ని కొట్టి చంపింది. నాలుగేళ్ళ తర్వాత, మళ్ళీ జూన్‌లోనే, వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఇంకో ఎలుగు ఒక మనిషి ప్రాణం తీసి, పలువురిని గాయపరిచింది. ఈసారి అటవీ సిబ్బంది వచ్చారు, మత్తు సూది వేశారు, పట్టుకున్నారు. విశాఖ జూకు తీసుకెళ్తుండగా అది చచ్చిపోయింది.

ఈ రెండు ఎలుగుల చావుల్లోనూ వేటగాడు లేడు. ఎలుగు గురించి ఇప్పుడు మాట్లాడాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే వేట ఆపాలా వద్దా అన్న వాదన మన దేశంలో ఎప్పుడో తేలిపోయింది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో పులి, చిరుత, తోడేలుతో పాటు ఎలుగును చంపినవాళ్ళకూ సర్కారు బహుమతి ఇచ్చేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో ఆ చట్టంలో కూడా కొన్ని జంతువులను లైసెన్సు తీసుకుని వేటాడే వీలుండేది. 1991 సవరణ ఆ లైసెన్సులకు మంగళం పాడింది. 2022 సవరణ షెడ్యూళ్ళను, అంటే ఏ జంతువుకు ఎంత రక్షణో చెప్పే జాబితాలను, ఆరు నుంచి నాలుగుకు కుదించింది, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎలుగు ఉన్నది మొదటి షెడ్యూల్లో, పులి సరసన. దాన్ని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. పైగా చట్టం దృష్టిలో వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టినా, వల పన్నినా, పట్టినా, చివరికి ఆ ప్రయత్నం చేసినా వేట కిందికే వస్తుంది. దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలోనూ దానిది మొదటి అనుబంధమే.

కాగితం మీద ఇంతకంటే గట్టి రక్షణ ఉండదు. అయినా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం మన ఈ ఎలుగు జాతిని, అంటే ఇంగ్లీషులో స్లాత్ బేర్ అనేదాన్ని, 1990 నుంచి ముప్పులో ఉన్న జాతిగానే చూపిస్తోంది. ప్రపంచం మొత్తం మీద 20,000కు లోపే ఉంటాయని అంచనా. వాటిలో పదింట తొమ్మిది మన దేశంలోనే ఉన్నాయి, మిగిలినవి శ్రీలంకలో, నేపాల్లో. బంగ్లాదేశ్‌లో జాడ లేకుండా పోయాయి.

అలాగని చట్టం ఎక్కడా పనిచేయలేదనీ కాదు. ఒక చోట పూర్తిగా పనిచేసింది. ఎలా పనిచేసిందో చూస్తే ఉద్దానంలో ఏం కొరవడిందో తెలుస్తుంది.

నలభై దాటిన తెలుగువాళ్ళకు చిన్నప్పుడు వీధిలోకి ఎలుగుబంటిని తెచ్చిన మనిషి గుర్తుండే ఉంటాడు. డమరుకం చప్పుడుకు అది వెనక కాళ్ళ మీద లేచి ఊగేది. తల్లులు జడుసుకునే పిల్లలను తెచ్చి దాని వీపున కూర్చోబెట్టేవారు. రెండు వెంట్రుకలు పీకించి తాయెత్తులో పెట్టి మెడకు కట్టేవారు. జాంబవంతుడి జాతి కదా, భయం పోతుందని నమ్మకం. ఆ ఎలుగు వీధి దాకా ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. గుహలోంచి పిల్లను తేవాలంటే సాధారణంగా తల్లిని చంపాల్సిందే. పిల్ల ముక్కును కాల్చిన ఇనుప సూదితో, మత్తు లేకుండా, పొడిచి తాడు ఎక్కించేవారు. కోరలు ఊడగొట్టేవారు. ఆ తాడు గుంజినప్పుడల్లా కలిగే నొప్పికి లేచి ఊగడాన్నే మనం నాట్యం అన్నాం.

ఈ పని తరతరాలుగా చేస్తూ వచ్చింది ఖలందర్లు. మొగలుల కాలం నుంచీ ఉన్న వృత్తి అంటారు. 1972 చట్టం ప్రకారం అది నేరమే. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ప్రదర్శనలు చేయించకూడదని జంతు హింస నివారణ చట్టం కింద నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కసులవాళ్ళు కోర్టుకు వెళ్ళారు, 2001లో సుప్రీంకోర్టు నిషేధాన్నే నిలబెట్టింది. ఇంత జరిగినా వీధుల్లో ఎలుగులు తిరుగుతూనే ఉన్నాయి. 1990ల చివర్లో జరిగిన లెక్కలో వాటి సంఖ్య సుమారు 1,200. పోలీసు పట్టుకుంటే ఖలందరు జైలుకు పోతాడు, ఎలుగును పెట్టే చోటు లేదు, అతని పిల్లలకు తిండి లేదు. బయటికొచ్చాక ఇంకో పిల్లను కొంటాడు. అంటే అడవిలో ఇంకో తల్లి చస్తుంది. శిక్ష ఎంత పెంచినా ఈ లెక్క మారదు.

మార్చింది మరో పద్ధతి. కార్తీక్ సత్యనారాయణ్, గీతా శేషమణి స్థాపించిన వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ ఉత్తరప్రదేశ్ అటవీ శాఖతో కలిసి ఆగ్రా దగ్గర ఎలుగుల ఆశ్రయ కేంద్రం పెట్టింది. 2002 డిసెంబరులో మొదటి ఎలుగులు అక్కడికి చేరాయి. షరతు సూటిగా ఉండేది. ఎలుగును అప్పగించి, మళ్ళీ ఈ పని చేయనని రాసిచ్చిన కుటుంబానికి వేరే బతుకుతెరువు చూపిస్తారు. ఒకరికి రిక్షా, ఒకరికి చిన్న దుకాణం, ఆడవాళ్ళకు కుట్టుపని, పిల్లలకు బడి. 2009 డిసెంబరులో కర్ణాటకలో రాజు అనే ఎలుగును అప్పగించడంతో దేశంలో ఆటలాడే ఎలుగుల కథ ముగిసింది. మొత్తం 600కు పైగా ఎలుగులు ఆగ్రా, బన్నేరుఘట్ట, భోపాల్, పురూలియా కేంద్రాలకు చేరాయి. కోరలు లేని జంతువును అడవిలో వదలలేరు కాబట్టి వాటి బతుకంతా అక్కడే. నేపాల్లో మిగిలిన చివరి రెండింటిని 2017లో పట్టుకున్నారు. వాటి పేర్లు రంగీలా, శ్రీదేవి. సినిమా వీధినాటకానికి ఇచ్చిన పేర్లవి.

ఇందులో జాలి ఉంది, కానీ జాలి ఒక్కటే ఉంటే పని జరిగేది కాదు. నిషేధం వల్ల తిండి పోయే మనిషి ఎవరో ముందే గుర్తించి, అతనికి దారి చూపించాకే తాడు విప్పమన్నారు. నిషేధం పెట్టడానికి 1972లో ఒక్క సంతకం సరిపోయింది. దాన్ని వీధిలో నిజం చేయడానికి ముప్పై ఏడేళ్ళు పట్టింది. అందులో ఫలితమిచ్చినవి చివరి ఏడేళ్ళు.

ఉద్దానంలో కొరవడింది సరిగ్గా ఇదే. అయితే అక్కడి చిక్కు ఖలందర్ల చిక్కు కంటే కష్టమైనది. ఖలందరుకు ఎలుగుతో పని ఉంది. ఉద్దానం రైతుకు దానితో పనేమీ లేదు, భయం ఉంది. ఆ భయం ఉత్తదీ కాదు.

ఎలుగు స్వభావం తెలియకుండా ఈ భయం అర్థం కాదు. 1791లో జార్జ్ షా అనే శాస్త్రవేత్త దీని పొడవాటి వంకర గోళ్ళూ, పై వరుసలో లేని రెండు ముందు పళ్ళూ చూసి, దక్షిణ అమెరికా చెట్లకు వేలాడే స్లాత్ జాతిదని పొరబడ్డాడు. ఇంగ్లీషులో ఆ పేరే నిలిచిపోయింది. అంతకంటే మన ‘గుడ్డెలుగు’ నయం. చూపు మందమని కనిపెట్టిన మనుషులు పెట్టిన పేరది. పళ్ళు లేని ఆ సందులోంచి అది చెదపురుగులను పీల్చి తింటుంది, పీల్చేటప్పుడు ముక్కు రంధ్రాలు మూసుకుంటుంది. ఆ ఉఫ్ ఉఫ్ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. పుట్టలు తవ్వుతూ, చప్పుడు చేస్తూ, తల పుట్టలో పెట్టి ఉన్న ఎలుగుకు మనిషి దగ్గరికి వచ్చేదాకా తెలియదు.

తెలిశాక పారిపోదు, మీదికొస్తుంది. ఈ గుణానికి కారణం పులి అని ఎలుగులను చదివినవాళ్ళు చెబుతారు. పులులున్న అడవుల్లో వేల ఏళ్ళుగా బతికిన జంతువు ఇది. చెట్టెక్కి తప్పించుకుందామంటే చిరుత కూడా ఎక్కగలదు. పరుగెత్తితే పులి ముందు ఓడుతుంది. మిగిలింది ఒక్కటే, ముందే ఎదురు తిరిగి గోళ్ళతో మొహం మీద కొట్టడం. తల్లి ఎలుగైతే పిల్లలను వీపున మోస్తూ తిరుగుతుంది కాబట్టి మరీ ప్రమాదం. ఇది మనిషిని తినడానికి రాదు. కొట్టి, కరిచి, వెళ్ళిపోతుంది. కానీ ఆ కొట్టడంలో కన్ను పోతుంది, దవడ విరుగుతుంది. 1989 నుంచి 1994 దాకా అయిదేళ్ళలో ఒక్క మధ్యప్రదేశ్‌లోనే ఎలుగుల దాడికి గురైనవాళ్ళు 735 మంది అని పరిశోధకులు లెక్క తేల్చారు. చనిపోయింది వాళ్ళలో 48 మంది. చావుల లెక్క చూసి ఇది చిన్న సమస్య అనుకుంటే మిగిలిన 687 మంది మొహాలు కనిపించవు.

ప్రభుత్వ సాయం కూడా ఇదే చూపుతో నడుస్తోంది. వన్యప్రాణి దాడిలో చనిపోయినా, శాశ్వతంగా పనికి దూరమైనా ఇచ్చే మొత్తాన్ని కేంద్రం 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. మొహం ఛిద్రమై బతికినవాడికి వరుసగా ఆపరేషన్లు కావాలి, ఏళ్ళ తరబడి కూలి పోతుంది, పెళ్ళికాని పిల్లయితే ఆ బతుకు ఇంకో రకంగా చితుకుతుంది. ఎలుగు విషయంలో అసలు ఖర్చు గాయానిదే. ఆ ఖర్చు చాలావరకు ఆ ఇంటివాళ్ళే మోస్తున్నంత కాలం, ఎలుగు మొదటి షెడ్యూల్లో ఉందని ఊళ్ళో చెప్పే బీటు ఆఫీసరు మాట ఎవరి చెవికీ ఎక్కదు.

ఇక దాడి జరిగిన రోజు ఏమవుతుందో చూడాలి. చట్టంలోని 11వ సెక్షను రెండు సంగతులు చెబుతుంది. తన ప్రాణమో ఇంకొకరి ప్రాణమో కాపాడటానికి సదుద్దేశంతో జంతువును చంపితే నేరం కాదు. అలా కాక, మనుషులకు ప్రమాదకరంగా మారిన జంతువును చంపాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అదీ పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, వేరే చోటికి మార్చడం కుదరదని తేలాకే. వినడానికి మానవీయంగానే ఉంది. నేల మీద ఏం జరుగుతుందంటే, దాడి జరిగిన గంటలో ఆ తోట చుట్టూ వందల మంది పోగవుతారు. సగం మంది చేతుల్లో కర్రలు, మిగతావాళ్ళ చేతుల్లో ఫోన్లు. మత్తు మందూ దాన్ని వేయడం తెలిసిన డాక్టరూ జిల్లా దాటి రావాలి. సూది తగలగానే జంతువు కూలిపోతుందని జనం అనుకుంటారు. నిజానికి మందు ఎక్కడానికి నిమిషాలు పడుతుంది, తరిమితే ఇంకా ఎక్కువ పడుతుంది. బెదిరి పరుగెత్తే జంతువు మీద మందు సరిగ్గా పనిచేయదు, రెండో సూది వేయాల్సి వస్తుంది. జూన్ ఎండలో, ఒంటినిండా బారెడు నల్ల బొచ్చుతో, అప్పటికే పరుగెత్తి అలసిన ఎలుగుకు రెండు మోతాదులు పడితే ప్రాణం నిలవడం కష్టం.

కాబట్టి ఎలుగును దయగా పట్టడం అన్నది ముందుగా జనాన్ని అదుపు చేసే పని. తుపాకీ పట్టిన అటవీ ఉద్యోగి కంటే, మొదటి అరగంటలో జనాన్ని రెండు ఫర్లాంగుల అవతల నిలిపే ఎస్ఐ ఎలుగుకు ఎక్కువ మేలు చేస్తాడు. 2023లో కరీంనగర్ శివార్లలోకి ఎలుగు వచ్చినప్పుడు మత్తు ఇచ్చి పట్టగలిగారు. అలా జరిగిన చోట్ల వార్త చిన్నదిగా వస్తుంది, చంపిన చోట వీడియో పెద్దదిగా తిరుగుతుంది. అది మన వార్తల జబ్బు.

భయాన్ని పట్టించుకోని నిషేధం ఎంత కాలం నిలుస్తుందో రుమేనియా చూపించింది. రష్యాను పక్కన పెడితే యూరపులో ఎలుగులు ఎక్కువగా ఉన్న దేశమది. అక్కడివి గోధుమ రంగు ఎలుగులు, కార్పాతియన్ కొండల్లో ఉంటాయి. 2016 అక్టోబరులో ప్రభుత్వం అక్కడ సరదా వేటను నిషేధించింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. కొండ ఊళ్ళలో చెత్తకుండీలు మాత్రం తెరిచే ఉన్నాయి, దారి పక్కన ఆగే పర్యాటకులు కార్లోంచి ఎలుగులకు తిండి విసురుతూనే ఉన్నారు. 2024 జూలైలో కొండ దారిన నడుస్తున్న 19 ఏళ్ళ అమ్మాయిని ఎలుగు చంపింది. రోజుల్లోనే పార్లమెంటు అత్యవసరంగా సమావేశమై ఆ ఏడాదికి 481 ఎలుగులను చంపవచ్చని చట్టం చేసింది. అంతకుముందు ఉన్న కోటా 220. రెండు దశాబ్దాల్లో ఎలుగుల వల్ల చనిపోయినవాళ్ళు 26 మంది అని అక్కడి పర్యావరణ శాఖే చెప్పింది. ఆ సంఖ్యను ముందు పెట్టుకుని తీరుబడిగా ఆలోచించి ఉంటే చెత్తకుండీలకు మూతలు వచ్చేవి. ఒక అమ్మాయి ఫొటో ముందున్నప్పుడు కోటాలే వస్తాయి.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాది వేరే పాఠం. 2017 డిసెంబరులో ఆ రాష్ట్రం గ్రిజ్లీ ఎలుగుల వేటను ఆపేసింది. ఆదివాసులు తమ సంప్రదాయ హక్కు కింద చేసుకునే వేటను మాత్రం మినహాయించింది. అక్కడ గ్రిజ్లీలు సుమారు 15,000 ఉంటాయని, వేటగాళ్ళు ఏడాదికి 250 దాకా చంపేవారని ప్రభుత్వ అంచనా. నిషేధానికి రెండు నెలల ముందే ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ ఒక నివేదిక ఇచ్చారు. గ్రిజ్లీకి అన్నిటికంటే పెద్ద ముప్పు వేట కాదనీ, రోడ్లూ తవ్వకాలూ నరుకుడూ వల్ల చెడిపోతున్న దాని నివాసమేననీ అందులో ఉంది. నిషేధం వార్త ప్రపంచమంతా వెళ్ళింది. ఆడిటరు మాట దస్త్రాల్లో మిగిలింది. వేటను ఆపితే ఎవరి వ్యాపారమూ పెద్దగా ఆగదు, రోడ్డును ఆపితే ఆగుతుంది. ప్రభుత్వాలు ఏది ముందు ఎంచుకుంటాయో చెప్పనక్కర్లేదు.

మన దగ్గర ఆ రోడ్డు స్థానంలో ఉన్నది గుట్ట. తెలంగాణలో, రాయలసీమలో ఎలుగు ఇల్లంటే దట్టమైన అడవే అయి ఉండనక్కర్లేదు. పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాతిగుట్టలు, వాటి సందుల్లో చల్లటి గుహలు దానికి చాలు. పగలంతా అక్కడ పడుకుని, చీకటి పడ్డాక దిగి పుట్టలూ రేగుపళ్ళూ వెతుక్కుంటుంది. చలికాలంలో పిల్లలను కనేదీ అక్కడే. ఒక్కో కాన్పుకు ఒకటో రెండో పిల్లలు, అవి రెండేళ్ళ దాకా తల్లిని వదలవు. అంటే ఒక తల్లి చస్తే ఆ లోటు పూడడానికి ఏళ్ళు పడుతుంది. కరీంనగర్ వైపు ఆ గుట్టలే గ్రానైటు. క్వారీ పడిన గుట్టలోంచి దిగిన ఎలుగు పక్క ఊరి మొక్కజొన్న చేలో తేలితే, ఊళ్ళోకి ఎలుగు వచ్చిందని పత్రికలు రాస్తాయి. గుట్టలోకి ఎవరు వచ్చారో ఆ వార్తలో ఉండదు.

గుట్టను కాపాడితే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. హంపీకి దగ్గర్లో దరోజి గుట్టలను కర్ణాటక 1994లో ఎలుగుల అభయారణ్యంగా ప్రకటించింది. సుమారు 82 చదరపు కిలోమీటర్లు, అంతే. బళ్ళారి జిల్లా గనులతో గుల్లవుతున్న రోజుల్లో కూడా ఆ రాళ్ళలో ఎలుగులు మిగిలాయి. బెల్లం పాకం లాంటిది రాళ్ళకు పూసి సాయంత్రం వేళ వాటిని జనానికి చూపించే అలవాటు ఒకటుంది. అడవి జంతువును తిండికి అలవాటు చేయడం అంత మంచిది కాదు, రుమేనియా రోడ్ల కథ చూశాక మరీను.

ఇంకా ఒక చావు ఉంది, ఎవరి ఉద్దేశమూ లేకుండా జరిగేది. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి లైను నుంచి కరెంటు లాగి తీగలు కట్టేవాళ్ళున్నారు, ఉచ్చులు బిగించేవాళ్ళున్నారు, పిండిలో నాటుబాంబు చుట్టి పెట్టేవాళ్ళున్నారు. తీగకు పంది ఏదో ఎలుగు ఏదో తెలియదు. రైతు భయపడి పాతిపెడతాడు, లెక్కకెక్కదు. చట్టం ప్రకారం అతను మొదటి షెడ్యూలు జంతువును వేటాడినవాడు. అతని దృష్టిలో పందికి పెట్టిన తీగకు పాపం ఎలుగు పడింది. పంట నష్టం డబ్బులు అదే సీజనులో చేతికొస్తే ఈ తీగల్లో చాలావరకు ఉండవు. అర్జీ పెట్టుకుని ఏడాది తిరిగే రైతుకు తీగ చవక.

మళ్ళీ ఉద్దానానికి వస్తే, అక్కడ చేయగలిగినవి పెద్ద ఖర్చువేం కావు. పిక్కల కాలంలో పూర్తిగా తెల్లారాక, నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ తోటలోకి పోవడం ఒకటి. మత్తు మందూ మనిషీ ఆ రెండు నెలలు పలాసలోనే ఉండేలా చూడటం ఇంకొకటి. మూడోది చెట్టు కింద ఉంది. గోవాలో జీడిపండును పిండి ఫెనీ కాస్తారు కాబట్టి అక్కడ పండుకు ధర ఉంది, ఎవరూ నేల మీద వదలరు. ఉద్దానంలో పిక్క తుంచి సంచిలో వేసుకుంటారు, పండును అక్కడే పారేస్తారు. పొద్దెక్కేసరికి ప్రతి చెట్టు మొదట్లోనూ ఎర్రగా పచ్చగా కుప్పలు పడి పులుస్తుంటాయి. ఆ వాసన గాలివాటున గుట్టల దాకా పోతుంది. చీకటి పడ్డాక ఎలుగు దిగి వచ్చేది ఆ కుప్పల కోసమే.